అల్లుడు బంగారం, అమ్మాయికే ఏదో అయింది: పెళ్లి థ్రిల్లర్ల లోపలి లెక్క

భర్త దుర్మార్గుడని మొదట్లోనే తెలిసిపోయిన థ్రిల్లర్‌ని మనం చివరిదాకా ఎందుకు చదువుతాం? హంతకుడెవరో కనిపెట్టాలన్న ఆత్రం అక్కడ ఉండదు కదా. 2016లో వచ్చిన బి.ఎ. పారిస్ నవల ‘బిహైండ్ క్లోజ్డ్ డోర్స్’నే తీసుకోండి, ఇంట్లో ఇచ్చే డిన్నర్ పార్టీతో మొదలవుతుంది. భార్య గ్రేస్ వంటకి వంకపెట్టలేం. భర్త జాక్ అందగాడు, మాటకారి, పైగా లాయరు, అందులోనూ భర్తల చేతుల్లో దెబ్బలు తిన్న ఆడవాళ్ల తరఫున వాదించే లాయరు, ఒక్క కేసు కూడా ఓడిపోని వాడు. ఆ ఇంట్లో ఆవిడ బందీగా ఉందని మనకు త్వరగానే అర్థమైపోతుంది. ఆ తర్వాత పేజీలు తిప్పించే ప్రశ్న ఒక్కటే: ఈవిడ బయటికొచ్చి చెబితే నమ్మేవాళ్లెవరు?

నా లెక్కలో ఈ రకం కథలన్నిటికీ ఇంజిన్ ఇదే. పైకి ముచ్చటైన జంట, లోపల నరకం అనగానే, మంచితనం అనేది ఆ మొగుడు వేసుకున్న ముసుగు, అది తీసేస్తే కథ అయిపోతుంది అనుకుంటాం. కానీ మంచి కథల్లో ఆ మంచి పేరు దాచడానికి కాదు, కొట్టడానికి పనికొస్తుంది. అతనికి ఊళ్లో ఎంత మంచి పేరుంటే ఆవిడ మాటకి అంత విలువ తగ్గుతుంది. ఈ సంగతి పట్టుకున్న రచయితలు గొప్ప కథలు రాశారు, పట్టుకోనివాళ్లు సైకో మొగుడి కథలు రాశారు. (ఇక్కడి నుంచి ముగింపులన్నీ చెప్పేస్తాను, సస్పెన్స్ పోతుందనుకునేవాళ్లు ఆ సినిమాలు చూశాక రండి.)

అసలు మూలం దగ్గరికి వెళ్దాం. ప్యాట్రిక్ హామిల్టన్ అనే ఇంగ్లిష్ రచయిత 1938లో ‘గ్యాస్ లైట్’ అని ఒక నాటకం రాశాడు. దాన్ని బ్రిటన్‌లో 1940లో ఒకసారి, హాలీవుడ్‌లో 1944లో ఇంకోసారి సినిమాగా తీశారు, ఎక్కువమందికి తెలిసింది రెండోదే. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్‌కి ఉత్తమ నటిగా ఆస్కార్ తెచ్చిన సినిమా అది. కథ కరెంటు దీపాలు రాని కాలం నాటి లండన్‌లో జరుగుతుంది. పౌలా అనే అమ్మాయి, గ్రెగరీ అనే పియానో వాద్యకారుడిని పెళ్లి చేసుకుని, తన మేనత్త వదిలివెళ్లిన ఇంట్లోనే కాపురం పెడుతుంది. ఆ మేనత్త పేరున్న గాయని, ఏళ్ల కిందట అదే ఇంట్లో హత్యకు గురైంది. చంపింది గ్రెగరీయే, ఆవిడ నగల కోసం. అప్పుడు దొరకని ఆ నగలు వెతుక్కోవడానికే పౌలాని పెళ్లి చేసుకున్నాడు. రోజూ రాత్రి పనుందని బయటికి వెళ్లినట్టు వెళ్లి, దొంగదారిన అటక మీదికెక్కి వెతుకుతుంటాడు. అక్కడ వెలుతురు కోసం గ్యాస్ దీపం వెలిగించగానే కింద పౌలా గదిలో దీపం కాస్త మసకబారుతుంది, ఎందుకంటే ఇంట్లో దీపాలన్నిటికీ గ్యాస్ వచ్చే గొట్టం ఒకటే, ఒకచోట కొత్తగా వెలిగిస్తే మిగతా చోట్ల ఒత్తిడి తగ్గుతుంది. ఆమె అది చూస్తుంది, పైన అడుగుల చప్పుడు వింటుంది, భర్తకి చెబుతుంది. నీ భ్రమ అంటాడు. ఇవాళ రీల్స్‌లో ప్రతి చిన్న గొడవకీ వాడేస్తున్న గ్యాస్‌లైటింగ్ అనే మాట పుట్టింది ఈ దీపం నుంచే.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, అతను అబద్ధం చెప్పాడు, ఆమె తన కళ్లనే అనుమానించింది అని. నన్నడిగితే ఆ సినిమాలో అసలు సీను వేరే. ఒక పెద్దింట్లో సంగీత కచేరీకి ఇద్దరూ వెళ్తారు. చుట్టూ ఊళ్లో పెద్దలంతా కూర్చుని వింటుంటే, గ్రెగరీ నెమ్మదిగా తన గడియారం కనిపించడం లేదని పౌలాకి చూపించి, ఆమె సంచిలోంచే దాన్ని బయటికి తీస్తాడు. పెట్టింది అతనే. ఆమె అందరి ముందు వెక్కివెక్కి ఏడుస్తుంది, అతను క్షమించమని చెప్పి చాలా మర్యాదగా, చాలా ఓపిగ్గా ఆమెను బయటికి తీసుకెళ్తాడు. ఆ గదిలో ఉన్నవాళ్లకి కనబడిందేమిటి? మతి స్థిమితం లేని భార్య, పాపం ఓర్చుకుంటున్న భర్త. రేపు పౌలా ఎవరి గుమ్మం తొక్కి ఏం చెప్పినా, విన్నవాళ్ల కళ్ల ముందు ఆ సాయంత్రమే కదులుతుంది. ఆమెను లోపల నమ్మించడం సగం పనే, మిగతా సగం ఊరిని నమ్మించడం.

విడుదల కూడా అలాగే వస్తుంది. స్కాట్లండ్ యార్డ్ పోలీసు మనిషి ఆ ఇంటికొచ్చి ఆమెతో మాట్లాడుతుండగా దీపం తగ్గుతుంది, అది తనకీ కనిపించిందని అతను అంటాడు. అంతే, ఇంకే తుపాకీ పేలకుండానే ఆమె మనిషవుతుంది. చివర్లో భర్తని కుర్చీకి కట్టేశాక, అతను కత్తితో తాళ్లు కొయ్యమని బతిమాలతాడు. ఆమె కత్తి చేతిలోకి తీసుకుని, నేను పిచ్చిదాన్ని కదా, ఇది కత్తో కాదో నాకెలా తెలుస్తుంది, నీకెలా సాయం చేస్తాను అన్న ధోరణిలో అతను వాడిన అబద్ధాన్నే అతనికి తిప్పికొడుతుంది. ఎనభై ఏళ్లు దాటినా ఆ సీను ముందు ఇప్పటి ట్విస్టులు వెలవెలబోతాయి.

ఇందులో ఓ తమాషా ఉంది, కథలో ఊరు ఎలా ప్రవర్తిస్తుందో సినిమా తీసేవాళ్లూ, చూసేవాళ్లూ అలాగే ప్రవర్తించారు. 1938లోనే వచ్చిన డాఫ్నే డు మారియే నవల ‘రెబెక్కా’లో భర్త మొదటి భార్యను కాల్చి చంపుతాడు. 1940లో హిచ్‌కాక్ సినిమాకి వచ్చేసరికి ఆమె పడిపోయి, తల తగిలి పోతుంది. భార్యను చంపినవాడు శిక్ష లేకుండా తప్పించుకుంటే అప్పటి హాలీవుడ్ సెన్సార్ నియమాలు ఒప్పుకోవు, హీరోని జైలుకి పంపితే కథ ఒప్పుకోదు, కాబట్టి హత్య కాస్తా ప్రమాదమైపోయింది. మరుసటి ఏడాది వచ్చిన ‘సస్పిషన్’ ఇంకా విచిత్రం. దానికి ఆధారమైన నవలలో భర్త నిజంగానే చంపుతాడు, అది తెలిసీ ఆమె అతనిచ్చింది తాగుతుంది. సినిమాలో భర్త వేషం కేరీ గ్రాంట్‌ది. భర్త ట్రేలో పాలగ్లాసు పట్టుకుని మెట్లెక్కి వస్తుంటే, ఆ గ్లాసు మీదే మన చూపు నిలవాలని హిచ్‌కాక్ పాలలో చిన్న బల్బు పెట్టించాడు. అంత భయపెట్టి చివరికి ఏం చేశారంటే, అతను నిర్దోషి, అనుమానమంతా ఆవిడదే అని తేల్చారు. కేరీ గ్రాంట్ లాంటి మనిషి హంతకుడంటే జనం ఒప్పుకోరని స్టూడియో భయపడిందని హిచ్‌కాక్ తర్వాత చెప్పుకున్నాడు. ‘అంత మంచివాడు అలా చేస్తాడా?’ అని చుట్టాలు అనే మాటే స్టూడియో కూడా అన్నదన్నమాట.

ఇక 1991కి వస్తే జూలియా రాబర్ట్స్ ‘స్లీపింగ్ విత్ ది ఎనిమీ’. సముద్రం ఒడ్డున అద్దాల ఇల్లు, డబ్బున్న భర్త. బాత్రూంలో తువ్వాళ్లు ఒకే వరసలో వేలాడాలి, అల్మారాలో డబ్బాల లేబుళ్లన్నీ ముందుకే చూడాలి, లేకపోతే దెబ్బలు. ఆమె రహస్యంగా ఈత నేర్చుకుని, పడవ ప్రయాణంలో మునిగిపోయినట్టు నమ్మించి పారిపోతుంది. ఆ తువ్వాళ్ల వివరం బ్రహ్మాండమైనది, ఎందుకంటే దాన్ని పోలీస్ స్టేషన్‌లో చెప్పి చూడండి: ‘సార్, మా ఆయన తువ్వాళ్లు సరిగ్గా ఆరేయమంటాడు.’ నవ్వుతారు. ఒక్కో నియమం విడిగా చూస్తే వెర్రి చాదస్తంలా ఉంటుంది, పాతిక నియమాలు కలిస్తే జైలు. అంత బాగా మొదలెట్టిన సినిమా రెండో సగంలో మామూలు వెంటాడే సినిమా అయిపోవడం నాకు ఎప్పుడూ చిరాకే.

ఆ కథ మన దేశానికి ఎంత గట్టిగా పట్టిందంటే, హిందీలో 1995–96ల్లో దాని మీద ఏకంగా మూడు సినిమాలు వచ్చాయి: ‘యారానా’, ‘అగ్నిసాక్షి’, ‘దరార్’. నానా పటేకర్ ‘అగ్నిసాక్షి’ బాగా ఆడింది. తెలుగులో 1997లో కోడి రామకృష్ణ తీసిన ‘పెళ్లి’ కూడా ఈ దారికి దగ్గరదే, కానీ అందులో ఒక మార్పు నాకు ఆ హిందీ సినిమాలన్నిటికంటే తెలివైనదిగా కనిపిస్తుంది. పారిపోయి వచ్చిన అమ్మాయి ఒంటరి కాదు, ఆమెతో పాటు ఉన్న పెద్దావిడ ఆ దుర్మార్గుడి కన్నతల్లి. అంటే కోడల్ని కొడుకు నుంచి దాచి కాపాడుకుంటున్నది అత్తగారు. మన ఇళ్లలో కోడలి మాట మీద ఆఖరి తీర్పు ఎవరిదో ఆ కథ రాసినవాళ్లకి బాగా తెలుసు. అత్తగారే నా కొడుకు అలాంటివాడే అని ఒప్పుకున్నాక ఇంకెవరి సాక్ష్యం కావాలి?

ఇక పౌలా హాకిన్స్ ‘ది గర్ల్ ఆన్ ది ట్రైన్’. 2015లో వచ్చిన ఆ నవలలో రేచెల్ తాగుడుకి బానిస. తాగిన రాత్రుల్లో ఏం చేసిందో ఆమెకు గుర్తుండదు, మర్నాడు మాజీ భర్త చెప్పిందే ఆమెకు జ్ఞాపకం. నువ్వు అరిచావు, నువ్వు విసిరేశావు, అందరి ముందు పరువు తీశావు అంటాడు, ఆమె సిగ్గుతో చచ్చిపోయి క్షమాపణలు చెప్పుకుంటుంది. చాలావాటిలో అతనే దోషి అని చివర్లో తెలుస్తుంది. గ్రెగరీకి అటక, దీపం, గడియారం అన్నీ కావాల్సొచ్చాయి, ఇతనికి ఒక సీసా చాలింది. తాగుబోతు ఆడదాని మాట ఎవరు వింటారన్న ధీమా ఉంది చూశారూ, మళ్లీ అదే లెక్క.

ఇంతకీ కథల్లో జరిగేదానికి బయట ఏ పేరూ లేదా అంటే, ఉంది. ఎవాన్ స్టార్క్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 2007లో ‘కోఎర్సివ్ కంట్రోల్’ అనే పుస్తకం రాశాడు. ఎన్ని దెబ్బలు కొట్టాడు, ఎముక విరిగిందా లేదా అని లెక్కపెడుతుంటే అసలు నేరం మన చేతికి దొరకదని ఆయన వాదన. ఎవరితో మాట్లాడాలి, ఎంత ఖర్చుపెట్టాలి, ఏం కట్టుకోవాలి, ఎన్ని గంటలకు ఇంటికి రావాలి అని రోజువారీ బతుకుని చేతిలో పెట్టుకోవడమే నేరమని, అది ఒంటి మీద గాయం కంటే ముందు మనిషి స్వేచ్ఛ మీద పడే దెబ్బ అని అన్నాడు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2015 చివరి నుంచి ఇది విడిగా నేరం, అయిదేళ్ల దాకా జైలు. మన దగ్గర 2005 గృహ హింస చట్టం, అది అమల్లోకి వచ్చింది 2006 అక్టోబరులో, హింస అంటే శారీరకం ఒక్కటే కాదని, మాటలతో, మనసుతో, డబ్బుతో చేసేదీ హింసేనని మూడో సెక్షన్‌లోనే రాసిపెట్టింది. చెప్పాలంటే ఈ విషయంలో మన చట్టం ఇంగ్లండ్ కంటే ముందే కళ్లు తెరిచింది. కాకపోతే అది ప్రధానంగా సివిల్ చట్టం: రక్షణ ఉత్తర్వు, ఆ ఇంట్లోనే ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు లాంటివి ఇప్పిస్తుంది, ఆ ఉత్తర్వు ఉల్లంఘిస్తేనే అది నేరమవుతుంది. భార్యను భర్తా, అత్తింటివాళ్లూ హింసించడాన్ని నేరం చేస్తూ ఐపీసీలో 1983లో చేర్చిన 498ఏ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లయింది, మూడేళ్ల దాకా శిక్ష.

498ఏ పేరెత్తగానే ఒక గొంతు లేస్తుందని తెలుసు: మరి దొంగ కేసులో? ఆ భయానికి కూడా ఒక థ్రిల్లర్ ఉంది. జిలియన్ ఫ్లిన్ ‘గాన్ గర్ల్’, నవల 2012లో, సినిమా 2014లో. అందులో భార్య ఏమీ దొంగ డైరీ రాసి, తనను భర్త చంపేసినట్టు సీను మొత్తం అల్లుతుంది, టీవీ చానెళ్లు, ఊరు, పోలీసులు అందరూ నమ్ముతారు. (భార్య పేరే ఏమీ, అచ్చు తప్పు కాదు.) యాదృచ్ఛికమే గానీ, అదే 2014లో మన సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ కేసులో 498ఏ కింద ఫిర్యాదు రాగానే యాంత్రికంగా అరెస్టు చేయొద్దని పోలీసులకు చెప్పింది. చాలామంది ‘గాన్ గర్ల్’ని ఆడవాళ్లు అబద్ధాలు చెబుతారనడానికి రుజువులా వాడతారు. నాకు అది అలా కనబడదు. ఏమీ గెలిచింది ఎందుకు? ఆమె అందంగా, చదువుకున్నదిగా, డబ్బున్న ఇంటి పిల్లగా, అందరికీ నచ్చే బాధితురాలిలా కనబడింది కాబట్టి. గ్రెగరీ వాడిన ఆయుధమే ఆమె వాడింది. ఎవరి ముఖం ఊరికి నచ్చితే నిజం వాళ్ల వైపు ఒరుగుతుందన్నదే కథ, ఆడా మగా అన్నది దాని తర్వాత.

మన ఊరి ముఖం ఎటు ఒరుగుతుందో చూడాలంటే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఉంది. 2019–21 సర్వేలో దేశంలో పెళ్లయిన ఆడవాళ్లలో, 18 నుంచి 49 ఏళ్ల మధ్యవాళ్లలో, దాదాపు 29 శాతం భర్త చేతిలో హింస చూశామన్నారు, తెలంగాణలో అది సుమారు 37, ఆంధ్రలో 30. ఇది ఊహించగలం. ఊహించలేనిది ఇంకోటి: ఇంటిని పట్టించుకోకపోవడం, అత్తమామల్ని గౌరవించకపోవడం లాంటి కారణాల జాబితా చదివి వినిపించి, వీటిలో ఏదైనా ఉంటే భర్త కొట్టడం సబబేనా అని అడిగితే, రెండు రాష్ట్రాల్లోనూ దాదాపు 84 శాతం ఆడవాళ్లు కనీసం ఒక్కదానికైనా సబబేనన్నారు. దేశంలో మన రెండు రాష్ట్రాలే పైన. హింసకు గురైనవాళ్లలో ఎవరి సాయమైనా కోరినవాళ్లు దేశం మొత్తం మీద 14 శాతమే. అమ్మతో చెప్పుకుంటే సర్దుకుపోమ్మా అంటుందని, పెద్దమనుషుల్లో పెడితే తప్పు ఇద్దరిదీ అని తేలుస్తారని ముందే తెలిసిన అమ్మాయి నోరు తెరవకపోవడంలో వింతేముంది?

అమెరికా సంబంధాల్లో ఇది ఇంకో మెలిక తిరుగుతుంది. హెచ్‌4 వీసా మీద వెళ్లిన అమ్మాయి అక్కడ ఉండటమే భర్త వీసా మీద ఆధారపడి ఉంటుంది. 2015 దాకా హెచ్‌4 మీద ఉద్యోగం చేసే వీలే లేదు, ఆ తర్వాత కూడా భర్త గ్రీన్‌కార్డు దారిలో కొంత దూరం వెళ్తేనే. బ్యాంకు ఖాతా అతనిది, కారు అతనిది, పాస్‌పోర్టు అతని సొరుగులో. ఇటు ఊళ్లో ఫేస్‌బుక్ ఫొటోలు చూసి అందరూ మురిసిపోతుంటారు. దీనికి అటకలూ దీపాలూ ఏం కావాలి, వీసా కాగితాలు చాలు.

ఇంతవరకూ థ్రిల్లర్లని మెచ్చుకున్నాను. ఇక అవి చేసే మోసం. మొదటిది, మొగుణ్ణి మానవమాత్రుడు కాని రాక్షసుణ్ణి చేయడం. ‘బిహైండ్ క్లోజ్డ్ డోర్స్’లో జాక్ భయాన్ని చూసి ఆనందించే మనిషి, ఒక్క క్షణం కూడా ఆమెను ప్రేమించినట్టు ఉండడు. చదివే అమ్మాయి మా ఆయన అలా కాదులే, కొట్టాక ఏడుస్తాడు కూడా అనుకుని ఊరుకుంటుంది. ఈ విషయంలో లియాన్ మోరియార్టీ నవల ‘బిగ్ లిటిల్ లైస్’, దాని మీద 2017లో వచ్చిన సిరీస్ చాలా మెరుగు. సెలెస్ట్ లాయరు, భర్త పెర్రీ పిల్లలకి ప్రాణమిచ్చే తండ్రి, కొట్టాక కానుకలు తెస్తాడు, నిజంగానే బాధపడతాడు. తనూ తిరిగి కొడుతుంది కాబట్టి తప్పు ఇద్దరిదీ అని ఆమె నమ్మకం. అతను చెడ్డవాడని తెలియక కాదు ఆమె ఉండిపోయింది, అతనిలో మంచి కూడా ఉందని తెలిసి.

రెండో మోసం ముగింపు. జూలియా రాబర్ట్స్ పాత్ర పోలీసులకి ఫోన్ చేసి, ఇంట్లో చొరబడినవాణ్ణి చంపానని చెప్పి మరీ భర్తని కాల్చేస్తుంది. రేచెల్ కథలో బాటిల్ మూత తీసే మర, సెలెస్ట్ కథలో మెట్లు. విలన్ చచ్చాడు, ఆమె బతికింది, తెల్లారింది. ఇంగ్లండ్‌లో శాలీ చాలెన్ అనే ఆవిడ 2010లో భర్తని నిజంగానే చంపింది, సర్రే ప్రాంతంలో బాగా బతికిన కుటుంబమే. 2011లో హత్యానేరం కింద యావజ్జీవం పడింది. దశాబ్దాల తరబడి భర్త పెత్తనం కింద నలిగిపోయిన తీరు, ఆమె మానసిక స్థితి మీద కొత్త సాక్ష్యం పైకోర్టు ముందుకొచ్చి, ఆ తీర్పు రద్దయి, నేరాన్ని తగ్గించి ఆమెను వదిలేసేసరికి 2019. మధ్యలో పోయిన ఏళ్లు ఏ థ్రిల్లర్‌లోనూ ఉండవు.

నిజానికి విడిపోయే రోజులే అన్నిటికంటే ప్రమాదమని ఈ రంగంలో పనిచేసేవాళ్లంతా చెబుతారు, ఎందుకంటే చేతిలోంచి పెత్తనం జారిపోతోందని అతనికి తెలిసేది అప్పుడే. అందుకే సెలెస్ట్‌తో ఆమె థెరపిస్టు చెప్పే మాటలు ఈ మొత్తం జానర్‌లో అత్యంత పనికొచ్చేవి: అతనికి తెలియకుండా ఇల్లు అద్దెకు తీసుకో, అందులో సామాను పెట్టు, కనీసం ఒక్క స్నేహితురాలికైనా జరిగింది చెప్పు, రేపు పిల్లల కోసం కోర్టుకెక్కితే నీ మాట నిజమనడానికి ఒక మనిషి ఉండాలి. సస్పెన్స్ ఏమీ లేని సీనది, అయినా ఊపిరి బిగబట్టి చూస్తాం.

మన చట్టంలో ఆ ఒక్క మనిషికి చోటుంది, కాకపోతే దాన్ని ఎవరూ పెద్దగా వాడుకోరు. గృహ హింస చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ప్రొటెక్షన్ ఆఫీసర్‌కి, అంటే ఈ చట్టం కింద ప్రభుత్వం పెట్టిన అధికారికి, సమాచారం ఇవ్వడానికి బాధితురాలే కదలాల్సిన పని లేదు. పక్క ఫ్లాట్‌వాళ్లు, పనిమనిషి, స్నేహితురాలు, గోడ అవతలి నుంచి విన్నవాళ్లు ఎవరైనా చెప్పొచ్చు, మంచి ఉద్దేశంతో చెప్పినంతవరకు వాళ్ల మీద సివిల్ గానీ క్రిమినల్ గానీ ఏ బాధ్యతా పడదు. మహిళల హెల్ప్‌లైన్ నంబరు 181.